క్లాసు ఎవరి వైపు చూస్తుంది? న్యూజెర్సీ ‘రూట్స్’ ప్రయోగంపై కేస్ స్టడీ

బడిలో కొట్లాటలు, వెక్కిరింపులు పెరిగాయంటే హెడ్మాస్టరు గారు స్టాఫ్‌రూమ్‌లో వేసే మొదటి ప్రశ్న: “క్లాసుకి ఇద్దరు మంచి పిల్లల పేర్లివ్వండి.” పది నిమిషాల్లో జాబితా తయారు. అందులో ఉండేది మొదటి బెంచీ వాళ్లు, మార్కులొచ్చేవాళ్లు, హోంవర్కు మర్చిపోనివాళ్లు, మైకు ముందు తడబడనివాళ్లు. వాళ్ల చొక్కాలకు బ్యాడ్జీలు పెడతారు, ఒక ఫొటో తీస్తారు. నెల తిరిగేసరికి ఆ బ్యాడ్జీ వేసుకున్న పిల్లలకు క్లాసులో “సార్ చెంచా” అన్న పేరు స్థిరపడుతుంది, కొట్లాటలు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఈ తప్పు ఎందుకు తప్పో లెక్కలతో చూపించిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 2012-13 విద్యా సంవత్సరంలో, 56 ప్రభుత్వ మిడిల్ స్కూళ్లలో, 24,191 మంది విద్యార్థులతో జరిగింది. చేసినవాళ్లు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన ఎలిజబెత్ లెవీ పాలక్, రట్గర్స్ నుంచి హానా షెపర్డ్, యేల్ నుంచి పీటర్ ఆరోనో. బడిలో గొడవల్ని పిల్లల చేతే తగ్గించే ఆ కార్యక్రమం పేరు రూట్స్. ఫలితాలు 2016 జనవరిలో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో అచ్చయ్యాయి. చాలామంది అందులోంచి “గొడవల కేసులు 30 శాతం తగ్గాయి” అన్న ఒక్క ముక్క పట్టుకుని వదిలేస్తారు. పని చేసేవాళ్లకు అసలు సరుకు ఆ అంకె వెనకాల ఉంది.

న్యూజెర్సీ నేపథ్యం

రట్గర్స్‌లో చదువుతున్న ఒక విద్యార్థి 2010 సెప్టెంబరులో ఆత్మహత్య చేసుకున్నాక ఆ రాష్ట్రం వేధింపుల నిరోధానికి గట్టి చట్టం తెచ్చింది. 2011 జనవరిలో సంతకమై అదే సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి బడిలో దీనికంటూ ఒక స్పెషలిస్టు, స్కూల్ డిస్ట్రిక్టుకొక కోఆర్డినేటరు ఉండాలి. ఫిర్యాదు అందితే ఒక పనిదినంలో విచారణ మొదలుపెట్టాలి, పది పనిదినాల్లో ముగించాలి. జాతి, రంగు, మతం, పూర్వీకుల దేశం, లింగం, లైంగికత, వైకల్యం లాంటివి కారణమైన వేధింపును చట్టం విడిగా పేర్కొంటుంది. అంటే పెద్దవాళ్ల వైపు యంత్రాంగం అప్పటికే ఉంది, ఫారాలూ ఉన్నాయి. లేనిదల్లా పిల్లల వైపు కదలిక.

ఎడిసన్, ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే రాష్ట్రం కూడా ఇదే. అక్కడ 6 నుంచి 8 తరగతుల పిల్లలున్న తల్లిదండ్రులకు లంచ్ బాక్సు వాసన మీద జోకులు, పేరును విరిచి పలకడం కొత్త సంగతులు కావు.

వెనకున్న ఆలోచన

ఒక పిల్లవాడు పక్కవాణ్ని వెక్కిరించడానికి అతని మనసులో ద్వేషం ఉండి తీరనక్కర్లేదు. “ఇక్కడ అందరూ ఇలాగే ఉంటారు, నేను నవ్వకపోతే తర్వాతి వంతు నాదే” అన్న అంచనా ఒక్కటి చాలు. ఈ అంచనా చాలాసార్లు తప్పు. విడివిడిగా అడిగితే ఎక్కువమందికి ఆ వెక్కిరింపు నచ్చదు, కానీ నచ్చదని ఎవరూ బయటికి చెప్పరు కాబట్టి అందరికీ నచ్చుతుందని అందరూ అనుకుంటారు. మరి ఆ అంచనా పిల్లలకు ఎక్కణ్నుంచి వస్తుంది? గోడ మీద రాసిన సూక్తి నుంచో, ప్రిన్సిపల్ ప్రసంగం నుంచో కాదు. క్లాసులో కొందరు ఎలా ప్రవర్తిస్తున్నారో చూసి నేర్చుకుంటారు. మిగతావాళ్ల కళ్లు తెలియకుండానే ఆ కొందరి మీద ఉంటాయి.

పాలక్, షెపర్డ్ అంతకుముందు కనెక్టికట్‌లోని ఒక చిన్న ప్రభుత్వ హైస్కూల్లో ఇదే ఆలోచనను పరీక్షించి 2012లో ప్రచురించారు. అక్కడ తేలిన ఒక విషయం ఈ పనిలో దిగే ప్రతివాళ్లూ నోటు చేసుకోవాలి. ప్రభావం పాకేది పిల్లలు తమంతట తాము కోరుకుని తరచూ కలిసే స్నేహాల దారిలో. ఒకే సెక్షన్‌లో కూర్చున్నంత మాత్రాన పాకదు. మనం మాత్రం సెక్షన్ల వారీగా లీడర్లను పెడతాం.

పేర్ల సర్వే

రూట్స్‌లో మొదటి పని పాఠం చెప్పడం కాదు, లెక్క తీయడం. ఏడాది మొదట్లో ప్రతి విద్యార్థికీ బడిలోని పిల్లలందరి పట్టీ ఇచ్చి, గత కొన్ని వారాల్లో నువ్వు కావాలని ఎవరితో సమయం గడిపావో పది మంది దాకా గుర్తించమన్నారు. ఎదురుగా కలిసినా సరే, ఆన్‌లైన్‌లో అయినా సరే. “నీకు ఇష్టమైనవాళ్లెవరు” అని అడగలేదు, “మంచివాళ్లెవరు” అనీ అడగలేదు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు సంగతి ఇక్కడే ఉంది. మంచివాళ్లెవరని అడిగితే పిల్లలు కూడా టీచరు జాబితానే రాసిస్తారు.

ఎవరి పేరు ఎక్కువమంది రాశారో లెక్కపెట్టి, ప్రతి బడిలో పైన ఉన్న 10 శాతం మందిని ‘సోషల్ రెఫరెంట్లు’ అన్నారు. తెలుగులో చూపు నిలిచే పిల్లలు అనుకోవచ్చు. వీళ్లెవరని ఆరా తీస్తే అన్నో అక్కో ఉన్నవాళ్లు, అప్పటికే డేటింగ్ మొదలుపెట్టినవాళ్లు, మీ ఇల్లు బాగుందని తోటివాళ్ల చేత అనిపించుకునేవాళ్లు ఎక్కువగా తేలారు. ఏ స్టాఫ్‌రూమ్ జాబితాకూ ఈ కొలతలు తట్టవు. వీళ్లలో కొందరు కొట్లాటల్లో ముందుండేవాళ్లు కూడా, అందులో ఆశ్చర్యం ఏమీ లేదు.

మన హైస్కూల్లో ఇదే సర్వే చేయాలంటే ఎంత పనో చూద్దాం. 640 మంది పిల్లలున్నారనుకోండి. ఒక్కొక్కరు పది పేర్లు రాస్తే 6,400 ఎంట్రీలు. పేర్లు రాయించకండి. ఒక్క బడిలో ఎంతమంది సాయిలు, ఎంతమంది లక్ష్మిలు ఉంటారో అందరికీ తెలుసు. తరగతుల వారీ పట్టీ అచ్చు వేసి, పేరు పక్కన వరస సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యే రాయించాలి. నిమిషానికి పది సంఖ్యలు కొట్టగలిగే మనిషికి ఇది దాదాపు 11 గంటల పని. లెక్కకు ఎక్సెల్‌లో కౌంట్‌ఇఫ్ ఫార్ములా ఒక్కటి చాలు, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. 640 మందిలో 10 శాతం అంటే 64 మంది.

ఆ రోజు రానివాళ్ల కోసం మరో రోజు తప్పకుండా పెట్టాలి. తరచూ బడికి రాని పిల్లల్లో ఒంటరివాళ్లు ఉంటారు, వేధింపులు పడలేక మానేస్తున్నవాళ్లూ ఉంటారు. వాళ్ల కాగితాలు లేకుండా గీసిన స్నేహాల పటంలో వాళ్లుండే మూల ఖాళీగా కనిపిస్తుంది.

ఈ జాబితా బయటికి పొక్కితే బాంబే. “నీ పేరు ఎవడూ రాయలేదంటరా” అన్న ఒక్క మాట ఒక పిల్లవాణ్ని ఏడాదంతా వెంటాడుతుంది. కాగితాలు ఒక్క మనిషి దగ్గరే, తాళం కింద ఉండాలి. ఎంపికైన పిల్లలకు కూడా తమకెన్ని ఓట్లొచ్చాయో చెప్పకూడదు. క్లాసు టీచర్లకూ చూపించకూడదు, మొహమాటానికి కూడా. సర్వేకి ముందే తల్లిదండ్రులకు ఉత్తరం పంపి సమ్మతి తీసుకోవాలి. ఏం అడుగుతామో, ఎందుకో, కాగితాలు ఎప్పుడు చించేస్తామో అందులో ఉండాలి.

ఎంపిక: ఇక్కడ అందరూ పొరబడతారు

56 బళ్లలో సగాన్ని లాటరీలో కార్యక్రమానికి ఎంచారు, మిగతా సగంలో ఆ ఏడాది ఏమీ చేయలేదు. కార్యక్రమం ఉన్న ప్రతి బడిలో, దాని పరిమాణాన్ని బట్టి 20 నుంచి 32 మందితో ఒక సీడ్ బృందం. విత్తనాలన్నమాట, పేరే రూట్స్ కదా. ఈ 20-32 మందినీ కూడా లాటరీలోనే తీశారు. అంటే బృందమంతా పాపులర్ పిల్లలు కారు. చూపు నిలిచే పిల్లలు ఒక బడిలో ఎక్కువ, ఇంకో బడిలో తక్కువ పడ్డారు, అదీ లాటరీ వల్లే. వాళ్లు ఎక్కువ పడ్డ బళ్లలో ఫలితం ఎక్కువ వచ్చింది కాబట్టి తేడా వాళ్లదేనని ధైర్యంగా చెప్పగలిగారు.

ఇది చదివి “అయితే టాప్ 30 మందిని తీసుకుందాం” అనేవాళ్లుంటారు. అది సరికాదని నా అభిప్రాయం. మామూలు పిల్లలు కూడా కలిసిన బృందాలతోనే సగటున 30 శాతం తగ్గుదల వచ్చిందని మరిచిపోకూడదు. పైగా పాపులర్ పిల్లల్ని మాత్రమే ఒక గదిలో కూర్చోబెడితే అది బడిలో కొత్త దర్బారు అవుతుంది. 640 మంది బడికి 30 మంది బృందం అనుకుంటే, 10-12 మంది ఆ 64 మందిలోంచి, మిగతా 18-20 మంది తరగతి, అబ్బాయి-అమ్మాయి, హాస్టల్-డేస్కాలర్ లెక్కలు చూసి లాటరీలో. ఆ 64 మందినీ పై నుంచి కిందికి తీసుకోకూడదు. మన బళ్లలో స్నేహాలు కులం, వాడ, మీడియం, హాస్టల్ బ్లాకుల వారీగా చీలి ఉంటాయి. పెద్ద గుంపు ఉన్నవాళ్లకు ఓట్లు సహజంగానే ఎక్కువ పడతాయి. 25 మందే ఉన్న చిన్న గుంపులో అందరూ చూసే పిల్లకు మొత్తం మీద 9 ఓట్లే ఉండొచ్చు, కానీ ఆ 25 మందికి ఆమె మాటే మాట. ఎవరు ఎవరిని రాశారో గీతలు గీసి గుంపులు విడదీసి, గుంపుకొకరినైనా తేవాలి. ఒక గుంపు మీద ఇంకో గుంపుకుండే చిన్నచూపును తగ్గించే పనికి ఇది ప్రాణం. లేకపోతే బలమైన గుంపు పిల్లలు బలహీనమైన గుంపు మీద దయ చూపించే కార్యక్రమంగా మిగులుతుంది.

పోలికకు ఇంకో ఉదాహరణ ఉంది. వేల్స్‌లో, ఇంగ్లండ్ పశ్చిమ ప్రాంతంలో 59 బళ్లలో పొగతాగడం తగ్గించేందుకు జరిగిన అసిస్ట్ ప్రయోగం, 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 12-13 ఏళ్ల పిల్లల్లో తోటివాళ్లు సూచించిన 17.5 శాతం మందిని తీసుకుని, బడి బయట రెండు రోజులు శిక్షణ ఇచ్చి, 10 వారాల పాటు స్నేహితులతో మామూలుగా మాట్లాడమన్నారు. అక్కడ నేరుగా “నువ్వెవరిని గౌరవిస్తావు” అన్న తరహా ప్రశ్నలే అడిగారు, పనిచేశాయి. రూట్స్ బృందాలు బడి మొత్తంతో పోలిస్తే చాలా చిన్నవి. సిబ్బంది తక్కువగా ఉన్న మన బళ్లకు రూట్స్ కొలతే దగ్గర.

సమావేశాల్లో ఏం చేశారు

రెండు వారాలకోసారి, బడి వేళల్లోనే, శిక్షణ పొందిన ఒక పరిశోధక సహాయకుడితో బృందం కూర్చునేది. స్కూలు టీచరు నడపలేదు. పిలిచిన పిల్లలందరూ ప్రతిసారీ రాలేదు కూడా, అయినా కార్యక్రమం నిలబడింది. హాజరు పట్టీ పెట్టి చీవాట్లు వేయాల్సిన పని లేదనడానికి ఇది చాలు.

మొదటి సమావేశాల్లో తమ బడిలో ఏ గొడవలు ఎక్కువో పిల్లలే చెప్పారు, ఏ దానిమీద పనిచేయాలో పిల్లలే తేల్చారు. పెద్దవాళ్లు ముందే తయారుచేసిన పాఠం లేదు. తర్వాత తమ మాటల్లో హ్యాష్‌ట్యాగ్ నినాదాలు రాసి, పక్కన తమ ఫొటోలతో పోస్టర్లు అంటించారు. ఆ ఫొటో ముఖ్యం. “గొడవ వద్దు” అని గోడ చెప్పడం వేరు, ఫలానా పిల్లవాడు తన మొహం పెట్టి చెప్పడం వేరు. కొన్ని వారాల పాటు నారింజ రంగు రిస్ట్‌బ్యాండ్లు పంచారు. ఎవరైనా ఒక గొడవను ఆపినా, ఒకరికి తోడు నిలబడినా సీడ్ విద్యార్థి చూసి, అక్కడికక్కడే బ్యాండు చేతికిచ్చి ఎందుకిచ్చాడో చెప్పాలి. చివర్లో బడి అంతటికీ ఒక రోజు రూట్స్ డే పెట్టారు.

బ్యాండు ఇచ్చే ఆ క్షణాన్ని దగ్గరగా చూడాలి. లంచ్ లైనులో ఒకణ్ని వెనక్కి నెట్టారు. ఇంకొకడు ఏమీ అనకుండా పక్కకు జరిగి వాడికి చోటిచ్చాడు. సీడ్ పిల్లవాడు వెళ్లి, నలుగురూ చూస్తుండగా, “ఇందాక నువ్వు చోటిచ్చావు కదా, అందుకు” అని బ్యాండు ఇస్తాడు. అయిపోయింది, పది సెకన్లు. నెట్టినవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు, ఆఫీసుకి ఎవరూ వెళ్లలేదు. కానీ ఆ లైనులో ఉన్నవాళ్లందరికీ ఒక సంగతి తెలిసింది: ఇక్కడ చోటివ్వడం కూడా ఒక పనే, దాన్ని చూసేవాళ్లున్నారు, ఆ చూసేది మనం చూసే మనిషే.

పిల్లల చేత నిజమైన సమస్యను చెప్పించడం

ఏ ఊళ్లో చేసినా మొదటి సమావేశంలో కష్టం ఒక్కటే. “మన బడిలో సమస్యలేంటి?” అంటే పిల్లలు “బుల్లీయింగ్ సార్”, “డిసిప్లిన్ లేదు మేడమ్” అంటారు. పెద్దలకు నచ్చే మాటలు అవి. వాటి మీద పనిచేస్తే “అందరితో కలిసిమెలిసి ఉందాం” అన్న పోస్టరు పుడుతుంది, చచ్చిపోతుంది.

ప్రశ్న మార్చాలి: “నిన్న లంచ్ బెల్ కొట్టినప్పట్నుంచి మళ్లీ క్లాసు మొదలయ్యేదాకా నువ్వు కళ్లారా చూసింది చెప్పు. పేర్లొద్దు.” అప్పుడు బయటికొస్తాయి. కుళాయి దగ్గర చిన్నవాళ్లను వెనక్కి లాగడం. తండ్రి పేరుతో పిలవడం. “వెంకటేశ్వర్లూ!” అని అరిచి నలుగురూ నవ్వడం బయటివాళ్లకు ఆటలా కనిపిస్తుంది, ఆ పిల్లవాడికి తండ్రి లేడని కొందరికే తెలుసు. కొత్తగా చేరినవాణ్ని “మీ ఇంటిపేరేంటి?” అని అడగడం, వాడు చెప్పాక ఒకరి మొహం ఒకరు చూసుకోవడం. స్కాలర్‌షిప్ ఫారాలు పంచే రోజు “నీకేంట్రా” అనడం. శ్రీకాకుళం యాసనో పాలమూరు యాసనో అనుకరించడం. ఒంటి రంగు మీద మారుపేరు. వాట్సాప్ గ్రూపులోంచి ఒక్క అమ్మాయిని తీసేసి, ఆమె గురించే మాట్లాడుకోవడం.

వచ్చిన ప్రతిదాన్నీ ఒక చీటీ మీద రాయించి నేల మీద పరిచి రెండు ప్రశ్నలు వేయాలి. రోజుకి ఎన్నిసార్లు జరుగుతుంది? మనలాంటి వాళ్లు పక్కనుండి ఏమైనా చేయగలమా? తరచూ జరిగేవి, పిల్లల చేతిలో ఉన్నవి రెండో మూడో చాలు. చాకు తెచ్చుకోవడం, డబ్బు గుంజడం, ఒంటి మీద చేయి వేయడం లాంటివి వస్తే ఆ చీటీలు అక్కడే పెద్దవాళ్ల చేతికి వెళ్లాలి, పిల్లల నెత్తిన పెట్టకూడదు.

తర్వాత, పక్కనున్నవాడు పది సెకన్లలో ఏం చేయగలడో ఆడించి చూపించాలి. ఉపన్యాసం ఇవ్వకూడదు, వాదనకు దిగకూడదు. తండ్రి పేరుతో పిలుస్తున్న గుంపులోకి వెళ్లి ఆ పిల్లవాణ్ని అసలు పేరుతో “ఒరేయ్ కిరణ్, పదరా, గ్రౌండుకి లేటవుతోంది” అని భుజం మీద చేయి వేసి తీసుకుపోవడం. నవ్వాల్సిన చోట నవ్వకుండా ఉండటం. గ్రూపులోంచి తీసేసిన అమ్మాయికి సాయంత్రం విడిగా ఒక మెసేజీ పెట్టడం. మొదటిసారి ఆడించినప్పుడు పిల్లలు అతి చేస్తారు, సినిమా డైలాగులు కొడతారు. నాలుగోసారికి మామూలవుతుంది. అప్పటిదాకా ఆడించాల్సిందే.

ఫలితాన్ని ఎలా చదవాలి

కార్యక్రమం జరిగిన బళ్లలో విద్యార్థుల గొడవల మీద నమోదైన క్రమశిక్షణ కేసులు, జరగని బళ్లతో పోలిస్తే ఏడాదిలో 30 శాతం తక్కువ. చూపు నిలిచే పిల్లలు బృందంలో ఎక్కువున్న కొద్దీ తగ్గుదల ఎక్కువ. ఏడాది చివరి సర్వేలో వాళ్ల స్నేహితులు గొడవలు ఇక్కడ మామూలే, అందరికీ ఆమోదమే అనుకోవడం కూడా తగ్గింది. కొలిచింది ఆఫీసు రికార్డు కాబట్టి, బడి బయటా ఫోన్లలోనూ జరిగినది ఆ 30 శాతంలో ఉండకపోవచ్చు.

విద్యార్థులతో చేయించే పనులన్నీ ఇలా ఫలించవు. పరిశోధకులు ఫారింగ్టన్, టోఫీ 2009లో బడి వేధింపుల నిరోధ కార్యక్రమాల్ని క్రోడీకరిస్తే, మొత్తం మీద వేధింపులు 20-23 శాతం తగ్గినా, తోటి విద్యార్థులకు అప్పజెప్పిన భాగం ఉన్న కార్యక్రమాల్లో బాధితుల సంఖ్య పెరిగినట్టు తేలింది. మధ్యవర్తిత్వం, తగువులు తీర్చడం పిల్లలకు అప్పజెబితే ఎందుకు చెడుతుందో ఊహించడం కష్టం కాదు. వేధింపులో ఇద్దరూ సమానులు కారు. బలవంతుడినీ బలహీనుడినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి “రాజీపడండి” అనడం బలహీనుడికి రెండోసారి దెబ్బ. రూట్స్‌లో సీడ్ పిల్లలు తగువులు తీర్చలేదు, ఫిర్యాదులు మోయలేదు. వాతావరణం మార్చే పని మాత్రమే చేశారు. అసలు తేడా అదే.

ఇంకో ప్రమాదం ఉంది. గొడవలు చేసే పిల్లలందర్నీ ఒక్కచోట చేర్చి కౌన్సెలింగ్ ఇవ్వడం. దిషన్, మెకార్డ్, పూలిన్ అనే పరిశోధకులు 1999లో చూపించారు: అలాంటి గుంపుల్లో పిల్లలు ఒకరి అల్లరికి ఒకరు నవ్వుతూ మరింత ముదురుతారు. బృందంలో ముగ్గురు నలుగురు దుడుకు పిల్లలుంటే మంచిదే. పది మందైతే గది వాళ్లదైపోతుంది.

రూట్స్‌ను తర్వాత ఇండోనేషియాలో కొద్ది బళ్లలో ప్రయత్నించి 2019లో ఫలితాలు ప్రచురించారు. దక్షిణ సులవేసిలో పిల్లలు చెప్పిన వేధింపులు తగ్గాయి, మధ్య జావాలో పెరిగాయి. వేధింపంటే ఏంటో కొత్తగా తెలిసినప్పుడు పిల్లలు దాన్ని ఎక్కువగా గుర్తించి చెప్పడం ఒక కారణం కావచ్చు. మొదటి ఏడాది అంకె పెరిగితే మేనేజ్‌మెంట్ కంగారుపడి ఆపేస్తుంది, కాబట్టి ఆ మాట జూన్‌లోనే చెప్పి ఉంచాలి.

పోల్చడానికి రెండో బడి లేనప్పుడు రెండు పనులు చేయొచ్చు. ఆఫీసుకొచ్చే గొడవలకు ఒక రిజిస్టరు పెట్టి తేదీ, పీరియడు, చోటు, రకం, ఎవరు తెచ్చారు అన్న అయిదు గడులు ముందు ఏడాది నుంచే నింపించాలి. ఏది నమోదు చేయాలి, ఏది అక్కర్లేదు అన్న నియమం మధ్యలో మార్చకూడదు. మారిస్తే అంకె తగ్గింది గొడవలు తగ్గా, రాయడం తగ్గా అన్నది తేలదు. రెండోది సర్వేలో జంట ప్రశ్న: “ఇంటిపేరు అడిగి ఏడిపించడం తప్పని నువ్వనుకుంటున్నావా?” “నీ క్లాసులో పదిమందిలో ఎంతమంది తప్పనుకుంటారు?” మొదటిదానికి 10లో 8 మంది అవునని, రెండోదానికి సగటున 3 అని వస్తే, పని చేయాల్సింది ఆ అయిదు మంది తేడా మీదే. ఆ తేడాను గోడ మీద రాస్తే అదే మంచి పోస్టరు.

మన దగ్గరికి తెస్తే మార్చాల్సినవి

మొదట ఆ నారింజ రిస్ట్‌బ్యాండు. న్యూజెర్సీలో అది నారింజ, ఇక్కడ కాషాయం. అంతకంటే పెద్ద సమస్య మణికట్టే. తమిళనాడు దక్షిణ జిల్లాల బళ్లలో కులానికో రంగు మణికట్టు దారం కట్టుకునే అలవాటు మీద 2019లో విద్యాశాఖ సర్క్యులర్ ఇస్తే దానిమీద రాజకీయ దుమారం రేగింది. 2023 ఆగస్టులో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థినీ అతని చెల్లెల్నీ తోటి విద్యార్థులే ఇంటికొచ్చి నరికాక, రిటైర్డ్ జస్టిస్ కె. చంద్రు ఏకసభ్య కమిటీ వేశారు. 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో రంగు దారాలు, ఉంగరాలు, నుదుటి గుర్తులు బడిలో వద్దని సిఫారసు చేశారు. అలాంటి నేల పక్కనే ఉండి మనం పిల్లల చేతులకు రంగు బ్యాండ్లు పంచడం తెలివైన పని కాదు. నీళ్ల బాటిల్ మీద అంటించే స్టిక్కరు చాలు, నలుగురికీ కనబడుతుంది. రంగు వెతకడం కూడా పనే: పసుపు, గులాబీ, నీలం, కాషాయం, ఎరుపు, ఆకుపచ్చ, మన రాష్ట్రాల్లో ఏదీ ఖాళీగా లేదు. తెల్ల కాగితం మీద నల్ల గీతలతో పిల్లలే గీసిన బొమ్మ నయం. స్టిక్కరు మీద ఎమ్మెల్యే గారి ఫొటో వేస్తామని ఎవరైనా దాతలు ముందుకొస్తే డబ్బు వదులుకోవడమే మంచిది.

రెండోది తరగతి. పదో తరగతి పిల్లలు స్టడీ అవర్స్‌లో మునిగి ఉంటారు, అడిగినా ఇవ్వరు. 7 నుంచి 9 తరగతుల మీదే బృందాన్ని నిలపాలి, తొమ్మిదో తరగతి వాళ్లు వెన్నెముక. జూన్, జులైల్లో అడ్మిషన్లు సర్దుకుంటుంటాయి, కాబట్టి సర్వే జులై చివర్లో. సమావేశాలు ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా, పరీక్షల వారాలు, దసరా, సంక్రాంతి సెలవులు పోను 10-11 దొరుకుతాయి. ఒక్కోటి 40 నిమిషాలు, ఒక పీరియడు. ఆటల పీరియడు మాత్రం తీసుకోకూడదు. చూపు నిలిచే పిల్లల్లో సగం మంది మొదటి రోజే మాయమవుతారు.

నడిపే మనిషి ఆ బడిలో మార్కులు వేసేవారు కాకుండా ఉంటే బాగుంటుంది. దొరక్కపోతే పీఈటీ సారో, ఆర్ట్ టీచరో. పిల్లలు ఆ గదిలో నోరు విప్పాలంటే అక్కడ విన్నది స్టాఫ్‌రూమ్‌కి వెళ్లదన్న నమ్మకం ఉండాలి.

ఆ నమ్మకానికి హద్దు కూడా మొదటి రోజే గీయాలి. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయడం తప్పనిసరి. చేయకపోతే పడే శిక్ష నుంచి 21వ సెక్షన్ పిల్లలకు మినహాయింపు ఇస్తుంది, నడిపే పెద్దవాళ్లకు ఇవ్వదు. కాబట్టి పిల్లలతో సూటిగా చెప్పాలి: “ఎవరైనా ఒంటి మీద చేయి వేశారన్నా, చచ్చిపోతానన్నా, ఆయుధం ఉందన్నా అది రహస్యం కాదు. నాతో చెప్పండి. నేను ఏం చేస్తానో కూడా మీకు ముందే చెబుతున్నాను.” పిల్లల హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416. రెండూ ఆ గదిలో గోడ మీద ఉండాలి. హాస్టల్ ఉన్న చోట ఫోను ఎక్కడ దొరుకుతుందో, ఎవరి అనుమతి అక్కర్లేకుండా చేయొచ్చో కూడా రాయాలి. ఫోను వార్డెన్ గదిలోనే ఉంటే ఆ నంబరు రాసి లాభం లేదు.

బృందాన్ని నీరుగార్చే మాట ఒకటుంది. మూడో నెలలో ఏదో గొడవ జరుగుతుంది, ప్రిన్సిపల్ బృందంలోని పిల్లవాణ్ని పిలిచి అడుగుతారు: “నువ్వు లీడరువి కదా, ఎవరు చేశారో చెప్పు.” వాడు చెప్పినా, చెప్పకపోయినా పని అయిపోయినట్టే. ఈ ప్రశ్న అడగబోమని మేనేజ్‌మెంట్ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే సర్వే మొదలుపెట్టాలి.

బృందంలో ఉన్నవాడే కొట్లాటకు దిగడం కూడా తప్పకుండా జరుగుతుంది. తీసేయకూడదు. బడి నియమం ప్రకారం అందరికీ ఏది వర్తిస్తుందో అది వాడికీ వర్తింపజేయాలి, తర్వాతి సమావేశానికి మళ్లీ పిలవాలి. తీసేస్తే అది మళ్లీ మంచి పిల్లల జాబితా అయిపోతుంది.

ఏప్రిల్‌లో సెలవులిచ్చే ముందే సర్వే కాగితాలు చించి, ఫైలు తుడిచేయాలి. వచ్చే జులైకి ఆ జాబితా ఎలాగూ పనికిరాదు. వేసవిలో స్నేహాలు తెగుతాయి, కొత్తవి పుడతాయి, ఆరో తరగతిలోకి కొత్త పిల్లలొస్తారు. లెక్క మళ్లీ మొదటినుంచి తీయాల్సిందే. పాత బృందంలోంచి తొమ్మిది దాటని నలుగురైదుగురిని మాత్రం కొత్త బృందం మొదటి రెండు సమావేశాలకు కూర్చోబెట్టాలి, స్టిక్కరు ఎలా ఇవ్వాలో వాళ్లే చూపిస్తారు.